మూడు తలగడలు

సత్తియ్య శవం ఉద్యోగంలో చేరేనాటికి అతనికి నలభై రెండేళ్ళు. ఒంట్లో ఏ జబ్బూ లేదు. నీళ్ళలో మునిగి ఊపిరి బిగబట్టాడంటే రెండు వందలు లెక్కపెట్టేదాకా తేలడు. కొల్లేటికోటలో చేపలకి కట్టిన వెదురు మావు అడుగున విరిగినా, ఎవరి వల ఏ మొద్దుకి చిక్కుకున్నా అతన్నే పిలిచేవారు. తాపీగా మునిగేవాడు, చిక్కు తీసేవాడు, పైకొచ్చి చెవుల్లో నీళ్ళు దులుపుకుని బీడీ అడిగేవాడు. ఆ ఊపిరే అతనికి ఏలూరులో ఉద్యోగం వేయించింది.

అసలు ఏలూరు వచ్చింది భార్య పైడమ్మ కోసం. ఏడాదిగా ఆయాసం ఆవిడకి. మొదట నీళ్ళబిందె ఎత్తితే వచ్చేది. తర్వాత నాలుగడుగులు వేస్తే వచ్చేది. ఆ తర్వాత చాప మీద వాలితే చాలు, వచ్చేది. పాదాలు పొంగి, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. పెద్దింట్లమ్మ తల్లికి మొక్కడమూ అయింది, ఆకు పసరు తాగడమూ అయింది. చివరికి దోనెలో గట్టు దాకా, గట్టు నుంచి ఎడ్లబండి మీద ఏలూరు దాకా తెచ్చాడు.

కర్నూలు మనకి రాజధానిగా ఉన్న రోజులవి. కాలవ ఒడ్డున ఒక ధర్మసంస్థ వాళ్ళ ఆసుపత్రి ఉండేది. నర్సులకీ, కాంపౌండర్లకీ, మంత్రసానులకీ చదువు కూడా అక్కడే. పెద్ద డాక్టరు ప్రసాదరావుగారు. మడత నలగని తెల్ల లాగూ, చేతిలో పేము బెత్తం. ఆయన పైడమ్మ వీపుకి గొట్టం పెట్టి విని, "పడక ఖాళీ లేదు. మందు రాసిస్తాను, తీసుకుపో," అన్నారు.

"ఆ బండి కుదుపులకి మళ్ళీ ఆగదండి బాబూ."

"ఆగకపోతే నన్నేం చెయ్యమంటావు? నా మంచం మీద పడుకోబెట్టనా? ఏం పని చేస్తావు నువ్వు?"

సత్తియ్య చెప్పాడు. పనిలో పనిగా రెండు వందల లెక్క కూడా చెప్పాడు, ఊరికే, గొప్పకి.

డాక్టరుగారి కలం ఆగింది. జేబులోంచి గడియారం తీసి బల్లమీద పెట్టారు. "ఏదీ, బిగబట్టు."

సత్తియ్య బిగబట్టాడు. గదిలో ఉన్న రోగులంతా తమ నొప్పులు మర్చిపోయి అతని మొహంలోకే చూశారు. పైడమ్మ మాత్రం గోడకి జారబడి, "ఇది చూపించుకోడానికా నన్ను ఇంత దూరం తెచ్చావు?" అంది రొప్పుతూ.

గడియారం ముల్లు రెండు చుట్లు దాటి మూడో చుట్టులో సగం తిరిగాక డాక్టరుగారు నవ్వారు. "చాలు. నీ ఆడమనిషికి పడక ఇస్తాను. నువ్వున్నన్నాళ్ళూ ఆవిడుంటుంది. నువ్వు నా దగ్గర శవంగా ఉండు."

సంగతేమిటంటే, నిరుడు వానాకాలంలో ఒక పడవ తిరగబడి కొందర్ని ఈ ఆసుపత్రికే మోసుకొచ్చారు. ముగ్గురికి ఇంకా ప్రాణం ఉంది. మగవాడి ఛాతీ ముట్టుకోవడం తమ పని కాదని నర్సులు, సూది మందు తప్ప తమకి తెలియదని కాంపౌండర్లు, అందరూ కలిసి డాక్టరు కోసం నిలబడ్డారు. డాక్టరు భోంచేసి వచ్చేసరికి ముగ్గురూ చల్లబడ్డారు. పేపర్లో పడింది. కర్నూలు నుంచి కాగితం వచ్చింది. అప్పట్నించి ప్రసాదరావుగారు పట్టుబట్టి అన్ని చదువుల పిల్లల్నీ కలిపి, అయిదుగురేసి జట్లు కట్టి, మునిగినవాణ్ణి బతికించడం నేర్పుతున్నారు. వేసవి దాటాక కర్నూలు నుంచి ఇనస్పెక్టరు చూడ్డానికి వస్తాడు. దీనికి బొమ్మ పనికిరాదు, మనిషే కావాలి. అదీ ఊపిరి తన ఇష్టానికి తీసుకోకుండా, వాళ్ళు ఆడిస్తేనే ఆడే మనిషి కావాలి.

ఉద్యోగం ఇలా ఉండేది. పొద్దున్నే ఆసుపత్రి పెరట్లో, కంకర మీద పరిచిన చాప మీద సత్తియ్య బోర్లా పడుకోవాలి. రెండు చేతులూ మడిచి, ఒకదాని మీద ఒకటి పెట్టి, వాటి మీద చెంప ఆనించాలి. నోటి నిండా కాలవ నీళ్ళు పుక్కిలి పట్టి ఉంచాలి. ఈల వినగానే జట్టు పరిగెత్తుకొస్తుంది. ఒకరు తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని వీపు నొక్కుతారు, ఒకరు నాడి పడతారు, ఒకరు ఆక్సిజన్ బండ దొర్లించుకొస్తారు, ఒకరు సూది వేస్తారు, ఒకరు గడియారం చూసి రాస్తారు.

"ఒకటి రెండు, నొక్కు. మూడు, వదులు. నాలుగు అయిదు, మోచేతులు ఎత్తు. ఆరు, దించు. నేను చెప్పేదాకా ఆపకూడదు. మీకు చేతులు పడిపోయినా ఆపకూడదు. ఒకటి రెండు..."

ఆ లెక్క ప్రకారం డాక్టరుగారి బెత్తం నేలమీద పడేది. లెక్క తప్పినవాడి వేళ్ళ మీద కూడా పడేది.

సూది ఉత్తుత్తి సూది కాదు. మందు బదులు ఆవిరి పట్టిన శుద్ధమైన నీళ్ళు ఎక్కించేవారు గాని, గుచ్చడం నిజంగానే గుచ్చేవారు. ఒక నర్సు పిల్ల నోరు తెరిచి, "గుచ్చినట్టు పెడితే చాలదా సార్?" అంది. "చాలదు. అలా చేస్తే చెయ్యి అబద్ధం నేర్చుకుంటుంది," అన్నారు డాక్టరుగారు. రోజుకి నాలుగు జట్లు, నాలుగు సూదులు. వారం తిరిగేసరికి సత్తియ్య జబ్బ కాయలు కాసిన వంకాయ మొక్కలా అయింది.

కళ్ళు మూసుకునే ఎవరి చేతులు ఎవరివో చెప్పగలిగేవాడు. అబ్బులని ఒక కాంపౌండరు కుర్రాడు, ఇరవై రెండేళ్ళవాడు, పశువు పక్కన కూర్చుని పాలు పిండినట్టు నొక్కేవాడు. రెండోవారంలో వాడి చేతి కిందే కుడిపక్క ఎముక ఒకటి టిక్కుమంది. సత్తియ్య కిక్కురుమనలేదు. దేవకుమారి అనే నర్సు పిల్ల చేతులు చిన్నవి, చల్లగా ఉండేవి. వీపు మీద పెట్టబోయే ముందు "ఏమనుకోకండి బాబాయ్" అని ఎవరికీ వినపడకుండా అనేది. ఆ పిల్ల తండ్రి ఎలీయాజరు తాడేపల్లిగూడెం దగ్గర మిషన్ బడిలో మేష్టరు. ఇంకా నాలుగు నెలలు చదివితే ఆ పిల్లకి సర్టిఫికెట్టు చేతికొస్తుంది.

మధ్యాహ్నం సత్తియ్య వార్డుకి వెళ్తే పైడమ్మ రోజూ అదే అడిగేది.

"ఏం మావా, చచ్చొచ్చావా?"

"చచ్చాను. నాలుగుసార్లు."

"గంజి తాగి పో. రేపు మళ్ళీ చావాలి గదా."

ఆయాసంలో కూడా ఆవిడ నోరు అంతే. వార్డులో ఉన్నవాళ్ళంతా నవ్వేవారు. పైడమ్మ నవ్వేది కాదు, నవ్వితే దగ్గొచ్చేది.

ఆవిడ వీపు వెనక మూడు తలగడలు ఉండేవి. దూది అట్టకట్టిన ఆసుపత్రి తలగడలు, ఒకదాని మీద ఒకటి. ఆవిడ రాత్రీ పగలూ వాటికి ఆనుకుని కూర్చునే ఉండాలి. నిద్ర కూడా కూర్చునే. చేరిన రోజునే డాక్టరుగారు మంచం కోడు మీద బెత్తంతో కొట్టి, "తలగడలు తియ్యకూడదు," అన్నారు. వార్డు ఆయా యేసమ్మ ఆ మాటే రోజుకి పదిసార్లు అనేది. ఎందుకు తియ్యకూడదో ఆయన చెప్పలేదు, యేసమ్మకి తెలియదు.

"నెలన్నరైంది మావా, నడుం వాల్చి," అంది పైడమ్మ ఒకనాడు. అప్పుడు వెటకారం లేదు ఆ గొంతులో. "నా పాపపు ఒళ్ళు ఒక్క పూట చాప మీద బారుగా పడుకుంటే చాలు. తర్వాత ఏమైనా కానీ."

"డాక్టరు వద్దన్నాడు గదే."

"ఆయన పడుకుంటున్నాడు గదా."

ఇలా ఉండగా ఒక పొద్దున్న డాక్టరుగారు పిల్లలందర్నీ వెంటేసుకుని వార్డులోకి వచ్చారు. పైడమ్మ రవిక వెనక ముడి విప్పించి, వరసగా ఒక్కొక్కరిచేత గొట్టం పెట్టించి వినిపించారు. ఇరవై మంది. ఆవిడ తల వంచుకుని కూర్చుంది. సత్తియ్య గోడవారగా నిలబడ్డాడు.

"ఏం వినిపిస్తోంది?"

"బుడబుడమంటోంది సార్," అన్నాడు అబ్బులు.

"ఏమిటా బుడబుడ?"

"నీళ్ళు సార్. ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరాయి."

ఆ మాట సత్తియ్య చెవిలో పడింది. తర్వాత చెప్పినదంతా ఇంగ్లీషు.

గంట తర్వాత పెరట్లో చాప మీద బోర్లా పడుకుని ఉండగా, బెత్తం టకటకలాడిస్తూ డాక్టరుగారు పాఠం చెబుతున్నారు. "మునిగినవాడి ఊపిరితిత్తుల్లో ఏముంటాయి?"

"నీళ్ళు సార్."

"బోర్లా ఎందుకు వేస్తాం?"

"నీళ్ళు బయటికి రావడానికి, ఊపిరి లోపలికి పోవడానికి సార్."

సత్తియ్య వార్డులో విన్న మాటనీ ఈ మాటనీ కలిపి చూసుకున్నాడు. నీళ్ళ సంగతి అతనికి ఒకరు చెప్పాలా? మునిగినవాళ్ళని ఎందర్ని తీశాడో. ముక్కుల్లోంచి నురగ కారే మొహాలు ఎన్ని చూశాడో. పైడమ్మ ఏడాదిగా ఒడ్డున కూర్చునే మునిగిపోతోందన్నమాట! మరి ఈ నొక్కుడు మంచిదే అయితే, బతికున్న తన మీద రోజుకి నాలుగుసార్లు చేసేది, మునుగుతున్న ఆవిడ మీద ఒక్కసారీ ఎందుకు చెయ్యరు? ఆత్రం పట్టలేక నోట్లో నీళ్ళు మింగేసి తలెత్తాడు.

"బాబుగారూ, ఈ నొక్కుడేదో మా ఆడమనిషికి చేస్తే పోదాండి?"

తల దగ్గర కూర్చున్న పిల్ల ఉలిక్కిపడి వెనక్కి పడింది. "శవం లేచిందిరోయ్!" అన్నాడు అబ్బులు. పెరడంతా నవ్వులు. డాక్టరుగారు కూడా నవ్వారు. బెత్తం కొసతో సత్తియ్య మడమ మీద తట్టి, "ఒరే సత్తిగా, శవం ప్రశ్నలు అడక్కూడదు. అడిగితే పాతిపెట్టాల్సొస్తుంది. ఊఁ, నీళ్ళు పోసుకో నోట్లో," అన్నారు.

అంతే. జవాబు అక్కడితో సరి.

ఆ సాయంత్రం అతను కుళాయి దగ్గర దేవకుమారిని పట్టుకున్నాడు. "అమ్మా, మా పైడికి ఆ మూడు తలగడలెందుకు?"

"తియ్యకండి బాబాయ్. ఎప్పుడూ తియ్యకండి."

"తియ్యనమ్మా. ఎందుకనీ అని."

ఆ పిల్ల అటూ ఇటూ చూసింది. జబ్బు సంగతి రోగి తాలూకు మనుషులకి విద్యార్థులు చెప్పకూడదు, డాక్టరే చెప్పాలి. అది అక్కడి కట్టడి. నిరుడు ఒక పిల్ల చెబితే, ఆ రోగి అన్నగారు వచ్చి డాక్టరు మీద కేకలేశాడు. ఆ పిల్లని ఆ పూటే పెట్టె సర్దించి బస్సెక్కించారు. ఆ పెట్టె గేటు దాకా మోసిపెట్టింది దేవకుమారే.

"సార్‌నడగండి బాబాయ్," అంది.

"అడిగేను గదమ్మా. నవ్వేరు."

ఆ పిల్ల కుళాయి కట్టేసి, నిండీ నిండని చెంబు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇనస్పెక్టరు వచ్చే రోజు రానే వచ్చింది. పెరట్లో సున్నం గీతలు గీశారు, కుర్చీలు వేశారు, కంకర మీద నీళ్ళు చల్లారు. ముందురోజు నుంచీ పైడమ్మకి బాగాలేదు. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. మంచం పక్కన ఆక్సిజన్ బండ పెట్టి, ముక్కుకి గొట్టం తగిలించారు. ఆసుపత్రి మొత్తానికీ ఉన్న బండ అదొక్కటే. తొమ్మిదింటికి అబ్బులు వచ్చి గొట్టం తీసి బండ దొర్లించబోతే యేసమ్మ అడ్డం వచ్చింది.

"ఏంటయ్యా ఇది? మనిషి నీలమెక్కి ఉంటే!"

"ఒక్క గంటమ్మా. ఇనస్పెక్టరుగారికి చూపించాలి. పెద్ద డాక్టరుగారు చెప్పారు. కావలిస్తే ఆయన్నడుగు."

యేసమ్మ అడగలేదు. ఎవరు అడుగుతారు?

డాక్టరుగారు సత్తియ్యని పక్కకి పిలిచారు. "ఇవాళ నువ్వే నా పరువు. కన్ను తెరిచావా, దగ్గావా, వేలు కదిపావా, సాయంత్రానికి ఆ పడక ఇంకొకరిది. తెలిసిందా?"

"ఆయ్," అన్నాడు సత్తియ్య.

పదింటికి వస్తానన్న ఇనస్పెక్టరుగారు పన్నెండింటికి వచ్చారు. కాఫీ తాగారు. కొబ్బరినీళ్ళు తాగారు. నర్సులూ డాక్టర్లూ అందరూ పెరట్లోనే. వార్డుకి యేసమ్మ ఒక్కతే మిగిలింది. సత్తియ్య అప్పటికి రెండు గంటలుగా ఎండలో బోర్లా పడుకుని ఉన్నాడు, చెంప కింద చేతులు తిమ్మిరెక్కి.

"ఇతనేనా?" అన్నారు ఇనస్పెక్టరుగారు వంగి. "నిజంగా పోయినట్టే ఉన్నాడే."

"గిచ్చి చూడండి సార్," అన్నారు ప్రసాదరావుగారు.

ఆయన సూదులు గుచ్చిన జబ్బ మీదే గిచ్చారు. సత్తియ్య కదల్లేదు. పెద్దలు నవ్వుకున్నారు. ఈల మోగింది. మొదటి జట్టు అబ్బులుది.

ఒకటి రెండు, నొక్కు. విరిగిన ఎముక మీదే వాడి అరచెయ్యి. మూడు, వదులు. నోట్లో నీళ్ళు మోచేతి మీదుగా కారాయి. నాలుగు అయిదు...

అలా కొంతసేపు సాగాక వరండా మీంచి యేసమ్మ కేక. "డాక్టరుగారండీ! పైడమ్మకి ఎగశ్వాస పట్టిందండీ. నోట్లోంచి నురగొస్తోందండీ, ఎర్రగా!"

బెత్తం నేల మీద లెక్క తప్పలేదు. "ఇది కానీ, వస్తాను," అన్నారు డాక్టరుగారు అటు చూడకుండానే.

సత్తియ్య విన్నాడు. కన్ను తెరవలేదు. పడక పోతే పైడి పోతుంది. ఒక జట్టుకి పది నిమిషాలు, ఇప్పటికి ఆరయ్యాయి, ఇంక నాలుగు. నాలుగు నిమిషాలంటే ఎంత? తను నీళ్ళడుగున ఒకటిన్నరసారి మునిగినంత. ఆవిడ కూడా కొల్లేటి పిల్లే, ఆగలేదా? ఒకటి రెండు, నొక్కు. ఆగుతుంది. మూడు, వదులు. నురగ అంది. నాలుగు అయిదు. నురగొచ్చిన మొహం ఏదీ మళ్ళీ బతకడం తను చూడలేదు.

ఆరు, దించు అనేలోపు లేచాడు.

అబ్బులు వెల్లకిలా పడ్డాడు. ఇనస్పెక్టరుగారు కుర్చీలో వెనక్కి ఒదిగారు. తడిసిన గోచీతో, ఛాతీ నిండా కంకర మచ్చలతో శవం వరండా మెట్లెక్కి పరిగెత్తుతుంటే ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎవరూ కదలద్దు!" అన్నారు ప్రసాదరావుగారు. మొహం కందగడ్డైపోయింది. "ఎక్కడివాళ్ళక్కడ! రెండో జట్టు, రండి." ఇరవై మంది పిల్లలు సున్నం గీతల మీద అలాగే నిలబడ్డారు. ఆక్సిజన్ బండ వాళ్ళ మధ్యనే ఉంది, నిండుగా.

వార్డులో పైడమ్మ మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని ముందుకి వంగి కూర్చుని ఉంది. గొంతులో గలగల. నోటి చివర గులాబీరంగు నురగ. కళ్ళు సత్తియ్య కోసం తలుపు మీదే ఉన్నాయి.

"వచ్చేనే. భయపడకు. నాకొచ్చు," అన్నాడు.

నిజంగానే అతనికి వచ్చు. ఇరవై మంది తలా ఒక ముక్క నేర్చుకుంటే, వాళ్ళందరి కింద పడుకుని మొత్తం నేర్చుకున్నవాడు అతనొక్కడే. తలగడలు ఒక్కొక్కటీ లాగి అవతల పారేశాడు.

"తియ్యద్దన్నారయ్యో!" అని చెయ్యి పట్టుకుంది యేసమ్మ.

"నీళ్ళే అవి! నీకు తెలీదు, తప్పుకో!" అని విదిలించుకున్నాడు.

పైడమ్మని ఎత్తి నేల మీద బోర్లా పడుకోబెట్టాడు. చేతులు మడిచి చెంప కింద పెట్టాడు. తల పక్కకి తిప్పాడు. తను తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒకటి రెండు, నొక్కాడు. ఆవిడ గింజుకుంది. తల ఎత్తబోయింది. ఒక చేత్తో అతని మణికట్టు పట్టుకుని గోళ్ళు దిగేసింది. మునిగేవాళ్ళు అలాగే పట్టుకుంటారని అతనికి తెలుసు. పట్టు విడిపించి ఆ చెయ్యి మళ్ళీ చెంప కింద పెట్టాడు. మూడు, వదిలాడు. నాలుగు అయిదు, మోచేతులు ఎత్తాడు. అబ్బులులా మొరటుగా కాదు, దేవకుమారిలా, మెల్లగా.

నోట్లోంచి బుడగలు బుడగలుగా నీళ్ళు నేల మీదికి వచ్చాయి.

"వస్తన్నాయే!" అన్నాడు. ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. "వస్తన్నాయే పైడీ, నీళ్ళొస్తన్నాయి! ఒక్క నిమిషం ఓర్చుకో!"

గోళ్ళు నేల మీద గీరడం ఆగింది. గింజుకోవడం ఆగింది. నెమ్మదించింది, అనుకున్నాడు. ఒకటి రెండు. మూడు. నాలుగు అయిదు.

వరస తప్పించుకుని మొదట వచ్చింది దేవకుమారి. గుమ్మంలోనే "లేపండి! కూర్చోబెట్టండి బాబాయ్, లేపండి!" అని అరిచింది. సత్తియ్య వినిపించుకోలేదు. డాక్టరు చెప్పేదాకా ఆపకూడదు. ఆరు, దించు. ఆ పిల్ల పక్కన కూలబడి పైడమ్మ మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఈలోగా గుమ్మం నిండింది. ఇనస్పెక్టరుగారు చేతి గడియారం చూసుకుంటూ లెక్క సరిచూశారు. "నిమిషానికి సరిగ్గా పన్నెండు. మోచేతులు కూడా చక్కగా ఎత్తుతున్నాడు. ఏ బ్యాచి ఇతను?"

ప్రసాదరావుగారు గొంతు సవరించుకున్నారు. "బ్యాచి కాదండి. మన శవమండి."

ఆయన వంగి, చూసి, సత్తియ్య భుజం మీద బెత్తం ఆనించి "ఆపు" అన్నారు. సత్తియ్య ఆపాడు. రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని, ఎవరో ఈల వేస్తే ఆవిడ లేచి కూర్చుంటుందన్నట్టు చూశాడు.

డాక్టరుగారికి పరువు దక్కించుకునే దారి వెంటనే దొరికింది. అందుకే ఆయన పెద్ద డాక్టరయ్యారు. "అందరూ రండి. చుట్టూ నిలబడండి. ఇలాంటి పాఠం పుస్తకంలో దొరకదు. దేవకుమారీ, నుంచో. తెలుగులో చెప్పు. ఇనస్పెక్టరుగారు మీకెంత వచ్చో చూస్తారు. ఈ పేషెంటు జబ్బేమిటి?"

"గుండె కవాటం పాడైంది సార్." దేవకుమారి నేల చూసింది.

"ఊపిరితిత్తుల్లో నీళ్ళు ఎక్కడివి?"

"బయటివి కాదు సార్. గుండె తోడలేక వెనక్కి నిలిచిన నెత్తురులోంచి ఊరినవి. నొక్కితే పోవు సార్. మళ్ళీ ఊరతాయి."

"ఏం చెయ్యాలి?"

"కాళ్ళు కిందకి వేలాడేసి, తలగడలు ఆనించి కూర్చోబెట్టాలి సార్. ఆక్సిజన్ పెట్టాలి. సూది ఇవ్వాలి."

"ఏం చెయ్యకూడదు?"

ఆ పిల్ల సత్తియ్య వైపు చూసింది. అతను శ్రద్ధగా వింటున్నాడు. ఈ ఆసుపత్రికి వచ్చిన ఇన్ని వారాల్లో అతనికి అర్థమయ్యేటట్టు చెప్పిన పాఠం ఇదొక్కటే.

"చెప్పు. సర్టిఫికెట్టు కావాలా, వద్దా?"

"పడుకోబెట్టకూడదు సార్."

"పడుకోబెడితే?"

ఆ పిల్ల నోట్లోనే ఏదో గొణిగింది.

"గట్టిగా. వెనకవాళ్ళకి వినపడాలి."

"చచ్చిపోతుంది సార్."

"భేష్," అన్నారు ఇనస్పెక్టరుగారు. కాగితం మీద ఏదో రాసుకున్నారు.

సత్తియ్య మెల్లగా తల తిప్పి, గోడవార పడి ఉన్న తలగడల్ని చూశాడు. ఒకటి, రెండు, మూడు. మణికట్టు మీద నాలుగు గోళ్ళ గాట్లలోంచి నెత్తురు సన్నగా కారుతోంది. దాన్ని తుడుచుకోలేదు.

పైడమ్మ తమ్ముడు సోమరాజు అక్కకి చేపల పులుసు పట్టుకుని ఆ మధ్యాహ్నమే ఎడ్లబండి మీద వచ్చాడు. ఆ బండి మీదే శవాన్ని ఎక్కించారు. గేటు దగ్గర యేసమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూ సత్తియ్యతో, "సోమవారం నుంచి కొత్త బ్యాచి అంట తమ్ముడూ. నిన్ను రమ్మని చెప్పమన్నారు పెద్ద డాక్టరుగారు. నీలాంటి మనిషి మళ్ళీ దొరకడంట. మీవాళ్ళలో ఎవరికన్నా ఒంట్లో బాగాలేకపోతే పడక ఇస్తానన్నారు," అని చెప్పింది. చెప్పమన్నారు గనక చెప్పింది. సత్తియ్య బండి వెనక నడిచిపోయాడు.

కొల్లేటి గట్టు చేరేసరికి పొద్దు వాలుతోంది. సోమరాజు దోనె లాగి, అడుగున చాప పరిచాడు. "పడుకోబెట్టు బావా."

సత్తియ్య గట్టున కోసిపెట్టి ఉన్న కిక్కిస గడ్డి కట్టలు మూడు తెచ్చాడు. దోనెలో ఒకదాని మీద ఒకటి పేర్చాడు. పైడమ్మని ఎత్తి వాటికి ఆనించి కూర్చోబెట్టాడు. తల వాలిపోతుంటే తన భుజం ఇచ్చాడు. కాళ్ళు కిందకి జరిపాడు.

"అదేంటి బావా! ఒళ్ళు ఇలాగే బిగుసుకుపోద్ది. ఊరెళ్ళాక వంగదు. పాడె మీద ఎలా పడుకోబెడతాం?"

"పడుకోబెట్టద్దురా. పడుకుంటే దానికి ఊపిరాడదు."

సోమరాజు బావ మొహం చూసి, గెడ తీసుకున్నాడు. దోనె కిక్కిసలోకి కదిలింది. గెడ దిగినప్పుడల్లా వాడు అలవాటుగా పైకి లెక్క మొదలుపెట్టాడు. "ఒకటి, రెండు..."

"లెక్కపెట్టకురా," అన్నాడు సత్తియ్య.